ఒట్టు, ఇదే ఆఖరిది

చిలోయే దీవిలో వాన మొదలైతే
ఆపడం ఎవరికీ గుర్తుండదు.
ఆల్చిప్పల సహకార సంఘం గదిలో
కట్టెల పొయ్యి పక్కన, తడి బూట్ల వాసనలో
నేనూ, సంఘం వాళ్ళ ముసలి ల్యాప్‌టాపూ.
నా పేరు ఎదువీనా ఒయార్సో. కార్యదర్శిని.
జీతం లేదు, తాళంచెవి ఉంది.

నొల్బెర్తో పడవ మునిగి పద్నాలుగు నెలలు.
బీమా కంపెనీకి ఒక్క కాగితం కావాలట:
ఆ సాయంత్రం ఏం జరిగిందో,
ఒకటిన్నర పేజీ, అందరి సంతకాలతో.

మొదటి ప్రతికి "నివేదిక" అని పేరు పెట్టాను,
పెద్దమనిషి తరహాగా.
రెండోది "నివేదిక, ఆఖరిది".
ఆ తర్వాత "ఆఖరిది, లిసార్దో చూశాక".
"ఆఖరిది, లిసార్దో వాళ్ళావిడ చూశాక".
"ఇదే ఆఖరిది".
"ఒట్టు, ఇదే ఆఖరిది".
ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి
మర్నాడు ఇంకొకటి.

ఫైలు అందరి ఫోన్లలోకీ వెళ్ళింది.
లిసార్దో నడిసముద్రంలోంచి దిద్దుతాడు, సిగ్నల్ ఉన్నంతసేపు.
బొటనవేలికి ఉప్పునీళ్ళు, అక్షరాలు జారుతుంటాయి.
"లాగే తాడు తెగింది" అని నేను రాస్తే
"తెంపారు" అన్నాడు.
ముందు పడవలో ఉన్నది అర్తెమియో.
అర్తెమియో వచ్చి "తెంపారు" మీద గీత కొట్టి
"తాడు పాతది" అని పెట్టాడు.
తాడు కొన్నది లిసార్దో.
అర్ధరాత్రి ఎవరో, పేరు లేకుండా,
తాడు అనే మాటే తీసేశారు.
తెల్లారేదాకా ఆ పడవ
ఏ తాడూ లేకుండానే మునిగింది.

పొద్దున తెర మీద పసుపు పెట్టె:
రెండు ప్రతులు ఢీకొన్నాయి. ఏది ఉంచమంటారు?
నన్నడుగుతావేం తల్లీ,
ఆ రోజు నేను బంగాళాదుంపలు తవ్వుతున్నాను.
"రెండూ" అని నొక్కాను.
అలాంటి జవాబొకటి ఉంటుందని అప్పుడే తెలిసింది.
మా సమావేశాల్లో ఆ బొత్తాం ఎప్పుడూ లేదు.

యంత్రం ఏదీ పారేయదు.
పక్కన నిలువునా జాబితా: తేదీ, గంట, నిమిషం.
వేలు పెట్టి కిందికి దిగుతుంటే
మాట మార్చినవాళ్ళు
మార్చకముందు మనుషులై కనిపిస్తారు.
మే మూడు, రాత్రి రెండుంబావు, అర్తెమియో:
"వాడు పిలవడం నాకు వినిపించింది."
రెండూ ఇరవైకి తీసేశాడు.
ఆ ఐదు నిమిషాలూ చూసింది నేనొక్కదాన్నే.
మర్నాడు రొట్టెల కొట్లో ఎదురైతే
వాన గురించి మాట్లాడుకున్నాం,
ఇద్దరం, చాలాసేపు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు.
ఇక్కడ ఎవరి పిడికెడు వాళ్ళు
పక్కవాడి పేరాలో పోసి వెళ్ళారు.

నిన్న రాత్రి, కరెంటు పోయేలోగా,
పదకొండు ప్రతుల్నీ ఒకదాని మీద ఒకటి పరచమన్నాను.
ఎర్రటి కొట్టివేతలు, నీలం చేర్పులు,
మార్జిన్లో కోపాలు, ఒకచోట నాలుగు ఆశ్చర్యార్థకాలు.
పేజీ చేపలు కోసిన బల్లలా ఉంది.
మధ్యలో ఒక్క వాక్యం మాత్రం నల్లగా.
మొదటి రోజు తొందరలో నేను కొట్టింది:
"చీకటి పడ్డాక నొల్బెర్తో కుక్క ఒక్కటే ఒడ్డుకు వచ్చిది,
పిలిస్తే ఎవరి దగ్గరికీ రాలేదు."
"వచ్చింది"లో సున్నా ఎగిరిపోయింది.
లిసార్దో ముట్టుకోలేదు, వాళ్ళావిడ ముట్టుకోలేదు,
పేరు లేని ఆ అర్ధరాత్రి మనిషీ ముట్టుకోలేదు.
కామా స్థలాలు మార్చేంత ఓపిక ఉన్నవాళ్ళు
ఆ సున్నా జోలికి పోలేదు.

కొత్త ఫైలు తెరిచి ఆ వాక్యం ఒక్కటే పెట్టాను.
వాళ్ళడిగింది ఒకటిన్నర పేజీ.
పేరు పెట్టమంది యంత్రం. ఖాళీగా వదిలేశాను.

ఐదింటికి మెలకువొచ్చి చూస్తే
వాక్యం చివర ఒక కర్సర్ మిణుకుమంటోంది,
దాని నెత్తిన చిన్న అక్షరాల్లో అర్తెమియో పేరు.
ఏమీ రాయడం లేదు.
పోవడమూ లేదు.
పొయ్యిలో ఇంకో కట్టె వేయాలి.
వాన చప్పుడు వింటూ
నేనూ అలాగే ఉన్నాను.